ఆఖరి బాల్ మీద 500 పెట్టి గెలిచిన... అక్కడే మునిగిన

నల్గొండ, పాలమూరు నుంచి చూస్తున్న తమ్ముళ్లు, ఇయ్యాల వీడియో స్కిప్ చేయకుండా చూడుండ్రి. ఆఖరి బాల్ మీద పెట్టే బెట్ల గురించి మాట్లాడుతా.

2023 ఐపీఎల్ ఫైనల్ యాదికుందా? అహ్మదాబాద్‌లో వాన పడి మ్యాచ్ రిజర్వ్ డేకు పోయింది. అర్ధరాత్రి దాటినంక ఆఖరి ఓవర్. చెన్నైకి 13 కావాలె. మోహిత్ శర్మ మొదటి నాలుగు బాల్స్‌కు మూడే పరుగులు ఇచ్చిండు. ఇగ రెండు బాల్స్, 10 రన్స్. నేను నల్గొండలో హాస్టల్ రూమ్‌లో ఉన్న. చెన్నై గెలుస్తదని ఒక యాప్‌లో 500 పెట్టిన. జడేజా సిక్స్ కొట్టిండు, ఆఖరి బాల్‌కు ఫోర్! నా 500 ఐదు వేలు అయినయి.

ఆ రాత్రి ఓడిపోయి ఉంటే 500తోనే అయిపోతుండె. గెలిచిన కాబట్టి, "ఆఖరి బాల్ నాకు తెలుస్తది" అనే పిచ్చి నెత్తికెక్కింది. తర్వాతి సీజన్‌లో, బత్తాయి అమ్మి బాపు ఫీజుకు పంపిన 40 వేలు పోయినయి. అవి తిరిగి రాబట్టాలని లోన్ యాప్‌లో తీసుకున్న. మొత్తం లక్షా పది వేలు.

ఇప్పుడు లెక్క చూద్దాం. ఆఖరి బాల్‌కు అటో ఇటో, సగం సగం ఛాన్స్ అనుకుందాం. యాప్ రేటు 1.90. నువ్వు ఒక దిక్కు 1000, నీ దోస్త్ ఇంకో దిక్కు 1000 పెట్టిండ్రు. గెలిచినోనికి 1900 వస్తయి. మిగిలిన 100 యాప్‌కు. బాల్ సిక్స్ పోయినా, వికెట్ పడినా ఆ 100 దానిదే. అంటే నువ్వు 1000 పెట్టిన ప్రతిసారి సగటున 50 పోతున్నట్టే.

ఇంకో ముచ్చట. ఫోన్‌లో నువ్వు చూసే లైవ్, గ్రౌండ్ కంటే కొన్ని సెకన్లు వెనక ఉంటది. నువ్వు "బౌలర్ ఉరుకుతుండు" అనుకునేసరికి అక్కడ బాల్ అయిపోయి ఉండొచ్చు. ముందే తెలిసినోడు రేటు మారుస్తడు, లేదంటే బెట్టు బంద్ పెడతడు. నువ్వు పాత ముచ్చట మీద పైసలు పెడుతున్నవ్ తమ్మీ.

మన ఉప్పల్ స్టేడియంలనే 2017, 2019 ఫైనల్స్ రెండూ ముంబై ఒక్క పరుగుతోనే గెలిచింది. ఓడిన జట్టు మీద పైసలు పెట్టినోడు "ఓడిన" అనుకోడు, "కొంచెంలో పోయింది" అనుకుంటడు. ఆ "కొంచెంలో" అనే మాటే మళ్ల పెట్టిస్తది. అమెరికాలో కూడా ఇదే కథ. 2016 కాలేజీ బాస్కెట్‌బాల్ ఫైనల్‌లో విలనోవా ప్లేయర్ క్రిస్ జెంకిన్స్ ఆఖరి సెకన్‌లో బాల్ వేసి 77-74తో గెలిపించిండు. చూసేటోళ్లకు అది పండుగ. పైసలు పెట్టినోనికి మాత్రం, రేపు ఇంకో మ్యాచ్‌కు పిలుపు.

చట్టం సంగతి చెప్తా. తెలంగాణలో ఆన్‌లైన్‌లో పైసలు పెట్టి ఆడుడు 2017 నుంచే నిషేధం. 2025 ఆగస్టులో కేంద్రం కూడా చట్టం తెచ్చింది. అసోంటి యాప్ నడిపితే మూడేళ్ల వరకు జైలు, కోటి రూపాయల వరకు జరిమానా. అందుకే ఆ యాప్‌లు టెలిగ్రామ్ లింకులల్ల వస్తయి, పైసలేసే యూపీఐ ఐడీ ఊకె మారుతుంటది. గెలిచిన పైసలు ఇయ్యకపోతే ఎవర్ని అడుగుతవ్?

నేను ఆర్నెల్లు దాచిన. లోన్ యాప్‌వాళ్లు మా అక్కకు ఫోన్ చేసినంకనే ఇంట్ల తెలిసింది. బాపు తిట్టలే. కొంచెంసేపు చూసి, "ఇది ఎన్ని టన్నుల కాయరా?" అన్నడు. నేను జవాబు చెప్పలేకపోయిన. ఇప్పుడు పని చేసుకుంట నెలనెలా కడుతున్న.

నువ్వు కూడా ఇరుక్కున్నవా? ముందుగాల యాప్ తీసెయ్. పోయిన పైసల కోసం ఇంకో బెట్టు పెట్టకు. ఇంట్ల ఒక్కరికన్నా ఈ రాత్రే చెప్పు. మోసపోతే 1930కి, మనసు బాగలేకపోతే టెలీ మానస్ 14416కి కాల్ చెయ్.

మ్యాచ్ చూడు, ఈలలెయ్, జడేజా కొడితే ఎగురు. జేబుల పైసలు మాత్రం జేబులనే ఉండనియ్. మళ్ల కలుద్దాం.