గుణదల కొండ: గుహ నుంచి గుడి దాకా

మనకు చరిత్ర చెప్పిన మాస్టారి జ్ఞాపకార్థం ఈ గవర్నర్‌పేటలో ఏర్పాటైన ఉపన్యాసానికి, ఇదే ఏలూరు రోడ్డు పట్టుకుని వెళితే వచ్చే గుణదల కొండను విషయంగా తీసుకున్నాను.

కొండలూ గుహలూ బెజవాడకు కొత్త కాదు. ఇంద్రకీలాద్రి మీద కనకదుర్గమ్మ, మొగల్రాజపురంలో రాతిని తొలిచిన గుహాలయాలు, కృష్ణ అవతల ఉండవల్లి. ఆ వరసలోకి ఆలస్యంగా వచ్చి చేరింది గుణదల.

దాని మూలకథ మాత్రం ఫ్రాన్సులో మొదలైంది. 1858 ఫిబ్రవరి 11న లూర్దు పట్నంలో, ఏటి ఒడ్డున ఉన్న ఒక గుహ దగ్గర, బెర్నదెత్ అనే పేదపిల్ల తనకు ఒక స్త్రీమూర్తి దర్శనమిచ్చిందని చెప్పింది. కతోలిక లోకం ఆ మూర్తిని మరియమాతగా కొలిచింది. ఆ భక్తి విదేశీ గురువులతో పాటు మన డెల్టాకు చేరింది. 1924లో గుణదలలోని సెయింట్ జోసెఫ్ అనాథాశ్రమం అధిపతి ఫాదర్ అర్లాటి అక్కడ మాత స్వరూపాన్ని ప్రతిష్ఠించారు. 1933లో కొండ కొమ్మున ఇనుప సిలువ నిలిచింది. 1937లో బెజవాడ మేత్రాసనం ఏర్పడింది. ఇప్పుడు మనం చూసే పెద్ద దేవాలయం కట్టింది 1971లో.

ఈ సంవత్సరాలను ఒకసారి వరసగా చూడండి. స్వరూపానికీ పెద్ద గుడికీ మధ్య 47 ఏళ్ల దూరం. సాధారణంగా గుడి కట్టాక తిరునాళ్లు పుడతాయి. గుణదలలో భక్తుల రాకే ముందు, గుడి తరవాత. అందుకే ఈ కొండ చరిత్రను దాన్ని ఎక్కినవాళ్ల వైపు నుంచి చెప్పాలని నా అభిప్రాయం.

ఏటా ఫిబ్రవరి 9, 10, 11 తేదీల్లో అక్కడికి వెళ్లినవారికి ఈ మాట తేలిగ్గా అర్థమవుతుంది. సిలువ మార్గం మెట్ల మీద జపమాలలు తిప్పుతూ ఎక్కేవారి పక్కనే, కొబ్బరికాయ పట్టుకుని ఎక్కేవారూ ఉంటారు. తలనీలాలు ఇచ్చి, గుండుకు గంధం రాసుకుని, బిడ్డను చంకనేసుకుని వచ్చే తల్లులు ఉంటారు. దివ్యబలిపూజ ఎప్పుడూ చూడనివారు కూడా కొవ్వొత్తి వెలిగించి, పిల్లల కోసమో ఒంట్లో బాగులేకనో మొక్కుకుంటారు. హిందువులూ వస్తారు, ముస్లింలూ వస్తారు. తలనీలాలూ కొబ్బరికాయలూ ఈ నేల మొక్కుబడులు. జనం తమకు తెలిసిన పద్ధతిలోనే కొత్త అమ్మను పలకరించారు, కొండ కాదనలేదు. లూర్దు మాత గుణదల మాత అయింది అలాగే.

దీన్ని కలగాపులగం అని తోసిపుచ్చేవారితో నేను ఏకీభవించను. పక్కింటివాళ్ల మొక్కు తీర్చడానికి తోడు వెళ్లడం మన ఊళ్లలో మర్యాద. ఆ మర్యాదే నూరేళ్లుగా ఈ కొండను నింపింది.

ప్రతిష్ఠల తేదీలు శిలాఫలకాల మీద ఉంటాయి. ఎవరు ఏ కష్టంతో ఎక్కారో, ఏ ఊరి నుంచి కాలినడకన వచ్చారో రాసిపెట్టిన పుస్తకాలు తక్కువ. ఇక్కడున్న యువకులకు నా విన్నపం ఒక్కటే. మీ ఇంట్లో అమ్మమ్మలను, నాయనమ్మలను అడగండి. వాళ్లు చెప్పింది ఊరుపేరుతో, ఏడాదితో సహా రాయండి. మాస్టారి పేరిట జరిగే సభకు అంతకంటే తగిన పని నాకు తోచడం లేదు.