విషవాయువు వలన హాని - నష్టపరిహారపు హక్కు

మదనపల్లె పీఠభూమిపై పుష్యమాసపు చలి గట్టిగనే యుండును. ఏనుగు మల్లమ్మ కొండ వైపునుండి గాలి వీచు రాత్రులలో అంగళ్లు మొదలగు గ్రామములవారు తలుపులు, కిటికీలు బిగించుకొని పరుండుట వాడుక. నేడు అంగళ్లులో ఇంజనీరింగు విద్యార్థులు అద్దెగదులలో కాపురముండుటయు సామాన్యమైనది. స్నానపు గదిలో గ్యాసు గీజరు, పడకగదిలో బొగ్గుల కుంపటి, అంగడి వెనుక జనరేటరు - వీనిలో దేనికి గాలి చాలకున్నను పుట్టునది కార్బన్ మోనాక్సైడ్ అను విషవాయువు. నిర్లక్ష్యము వలన ఈ విషము సోకినపుడు బాధితులు న్యాయము నెట్లు పొందవలెనో నేడు మనము విచారింతము.

ఈ వాయువునకు రంగు లేదు, వాసన లేదు. నెత్తుటిలోని హీమోగ్లోబిన్ ప్రాణవాయువును పట్టుకొనుటకంటె రెండువందల రెట్లకు మించిన బలముతో దీనిని పట్టుకొనును. తొలుత తలనొప్పి, తల తిరుగుట, వాంతులు కలుగును. తిన్నది పడలేదనియో, జ్వరము వచ్చుచున్నదనియో తలచి మనుష్యుడు ఆ గదిలోనే పరుండును. ఒకే ఇంటిలోని వారందరికి ఒకేమారు ఇట్టి బాధ కలిగి, బయటకు రాగానే తగ్గినచో, ఈ వాయువును అనుమానింపవలెను.

ఇట్టి మరణము సంభవించినపుడు మనవారు తరచుగా "తలవ్రాత" అని ఊరకుందురు. చట్టము అట్లు తలచదు. జాగ్రత్త వహింపవలసిన బాధ్యత ఎవరిది, ఆ బాధ్యతను వారు తప్పిరా, ఆ తప్పిదము వలననే హాని కలిగెనా అని అడుగును. పొగ పోవు గొట్టము లేని గీజరును మూసిన గదిలో బిగించి అద్దెకిచ్చినవాడు ఈ ప్రశ్నలకు బదులు చెప్పవలసియున్నది. అయితే, ఉన్న గవాక్షమును అద్దెకున్నవారే గుడ్డలతో మూసియుండిన యెడల ఆ మేరకు పరిహారము తగ్గవచ్చును.

ఈ విషము కర్మాగారములకును క్రొత్తది కాదు. అనంతపురము జిల్లా తాడిపత్రిలోని గెర్డావ్ ఉక్కు కర్మాగారమున 2018 జూలై 12వ తేదీన ఈ వాయువే వెలువడి ఆరుగురు కార్మికులు మరణించిరి. పనిలో హాని పొందిన కార్మికునికి యజమాని పరిహారమీయవలెనను నియమము 1923 నాటి చట్టముతో వచ్చినది. అది ఇప్పుడు 2025 నవంబరు 21 నుండి అమలులోనున్న సామాజిక భద్రతా స్మృతిలో చేరియున్నది. ఇందు యజమాని నిర్లక్ష్యమును కార్మికుడు రుజువు చేయనక్కరలేదు. ఇక ఢిల్లీలోని శ్రీరామ్ కర్మాగారపు వాయువు కేసులో సుప్రీంకోర్టు 1986లో, ప్రమాదకరమైన పరిశ్రమ నడుపువారు తమ వలన కలిగిన హానికి ఏ మినహాయింపు లేక బాధ్యులని తీర్పు చెప్పినది.

నిర్లక్ష్యమును రుజువు చేయవలసిన కేసులలో ఒక చిక్కు కలదు. ఈ విషము తన సాక్ష్యమును తానే చెరిపివేయును. మంచిగాలి పీల్చుచుండగా నాలుగైదు గంటలలో నెత్తుటిలోని వాయువు సగమునకు తగ్గును. ఆసుపత్రిలో ప్రాణవాయువు పెట్టినచో గంట, గంటన్నరలోనే తగ్గును. ప్రాణరక్షణయే ముందు, చికిత్సకు క్షణమైనను ఆలస్యము కూడదు. కాని చికిత్సతోపాటే నెత్తురు తీసి ఈ వాయువునకై పరీక్షింపుడని వైద్యుని కోరవలెను. వ్రేలికి తగిలించు సాధారణ ఆక్సీమీటరును నమ్మరాదు. అది ఈ విషమును ప్రాణవాయువుగా భ్రమించి, అంతయు బాగున్నట్లు అంకె చూపును.

మరణము సంభవించినచో పోలీసులకు తెలిపి శవపరీక్ష చేయించుట తప్పనిసరి. "ఎట్లును పోయినాడు, ఇక కోయుటెందుకు" అని వలదన్నవారు తమ కేసును తామే పోగొట్టుకొందురు. గీజరును కదలింపక, గదిని ఉన్నదున్నట్లుగా ఫోటోలు తీయింపవలెను. మరునాడే గోడకు రంధ్రము పెట్టించు యజమానులును ఉందురు. అద్దె రసీదు, గీజరు బిల్లు, బిగించినవాని రసీదు భద్రపరుపవలెను. పెద్దమనుష్యుల యెదుట కొంత సొమ్మిచ్చి "ఇక ఏ హక్కును లేదు" అని వ్రాయించుకొను కాగితముపై, న్యాయవాదికి చూపకుండ చేవ్రాలు చేయరాదు.

మరణించినవాని భార్య, భర్త, తల్లిదండ్రులు, బిడ్డలు 1855 నాటి ప్రాణాంతక ప్రమాదముల చట్టము క్రింద సివిలు కోర్టులో దావా వేయవచ్చును. గీజరు లోపమైనను, బిగింపు లోపమైనను, లాడ్జీవారి సేవాలోపమైనను 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టము క్రింద, తాము నివసించు జిల్లాలోని కమిషనులోనే ఫిర్యాదు చేయవచ్చును. కార్మికుల అర్జీతో సహా ఈ మూడింటికిని సాధారణముగా గడువు రెండేండ్లు. క్రిమినలు కేసులో శిక్ష పడువరకు ఆగనక్కరలేదు. ఆ దారి వేరు, ఈ దారి వేరు.

ఖర్చునకు వెరవవలదు. 1987 నాటి న్యాయసేవల చట్టము స్త్రీలకు, కార్మికులకు, షెడ్యూల్డు కులములు, తెగలవారికి ఉచితముగా న్యాయవాదిని ఏర్పరచును. మదనపల్లె న్యాయస్థానమున ఇందుకై మండల న్యాయసేవా సంఘము కలదు. 15100 అను నంబరుకు ఫోను చేసినను వివరములు తెలుపుదురు.

ఎంత పరిహారము వచ్చినను పోయినవారు తిరిగి రారు. అయినను, బ్రతికియున్న బిడ్డల చదువునకు అది ఆధారమగును; మరియొక గదిలో గీజరు బిగించువానికి హెచ్చరికయు అగును. శ్రోతలు ఈ రాత్రియే తమ స్నానపు గది గవాక్షమును, అద్దెకిచ్చిన గదులుండిన యెడల వానిని గూడ, ఒక్కమారు చూచుకొందురుగాక యని మా మనవి.