గేరుపెట్టె బలము

మోటారు కారు ఇంజను శక్తిని పెంచుట నేడు అంత కష్టమైన పని కాదు. గాలిని ఒత్తి లోనికి పంపు టర్బోచార్జరు నొకదానిని అమర్చి, దానికి తగినట్లు ఇంధనమును సరిచేసినచో, వెనుకటి ఇంజనే ఒకటిన్నర రెట్లు శక్తి నొసగవచ్చును. చిక్కంతయు ఆ తరువాతనే యున్నది. పెరిగిన శక్తి చక్రములను చేరవలెనన్నచో గేరుపెట్టెను దాటి పోవలెను. ఆ పెట్టెను చేసినవారు ఇంత భారమును తలచి చేసియుండరు.

పళ్ళను విరుచునది గుర్రపుశక్తి యని సామాన్యముగా అనుకొందురు. నిజమునకు విరుచునది త్రిప్పు బలము. దీనినే టార్కు అందురు. ఒకే గుర్రపుశక్తిని ఇంజను వేగముగా తిరుగుచు ఇచ్చినచో పంటిపై ఒత్తిడి తక్కువ. నెమ్మదిగా తిరుగుచు ఇచ్చినచో ఎక్కువ. కనుకనే గేరుపెట్టె సామర్థ్యమును టార్కులో చెప్పుదురు.

అమెరికాలో ఫోర్డు వారి మస్టాంగు కారును చూడుడు. 1980వ దశకమున దానికి బోర్గ్-వార్నరు వారి టీ-5 అను అయిదు గేర్ల పెట్టె యుండెను. 1985లో వచ్చిన మెరుగైన రకమునకు 265 పౌండు-అడుగుల సామర్థ్యము నిర్ణయింపబడినది. 1987 నాటికే అయిదు లీటర్ల ఇంజను 300 పౌండు-అడుగుల టార్కు ఇచ్చుచుండెను! మొదటి గేరు నిష్పత్తి 3.35 గనుక, ఆ గేరులో వెలుపలి షాఫ్టుపై పడునది సుమారు 1,000 పౌండు-అడుగులు. 1990లో పెట్టె సామర్థ్యమును 300కు పెంచిరి. పెట్టెను పెద్దది చేసియా? కాదు. పోతపోసిన పెట్టెలో రెండు షాఫ్టుల నడిమి దూరము మారదు. పెద్ద చక్రము అందులో పట్టదు. గేర్లకు నికెలు పాలు హెచ్చుగాగల ఉక్కును వాడిరి. అంతే.

ఉక్కు సంగతి కొంత వివరింపదగినది. గేరు పంటికి పైభాగము గట్టిగా నుండవలెను, లేనిచో అరుగును. లోపలిభాగము సాగుడు గలిగి యుండవలెను, లేనిచో పుటుక్కున విరుగును. ఈ రెంటిని కూర్చుటకై కర్బనము తక్కువగానున్న ఉక్కుతో గేరు చేసి, సుమారు 900 డిగ్రీల సెంటిగ్రేడు వేడిలో కర్బన వాయువుల మధ్య కొన్ని గంటలు ఉంచుదురు. కర్బనము పైపొరలోనికి ఇంకును. పిదప నూనెలో చల్లార్చగా ఆ పొర మాత్రము మిక్కిలి గట్టిపడును. కమ్మరి కొడవలిని ఎర్రగా కాల్చి నీట ముంచుట ఎరిగినవారికి ఇది కొత్త కాదు. ఇంతటితో ఆగక, సన్నని ఉక్కు గుండ్లను పంటి మొదళ్ళపై వేగముగా కొట్టింతురు. దానివలన పైపొర లోనికి అదిమినట్లయి, బీట తెరుచుకొనుట కష్టమగును.

అయితే మంచి పళ్ళున్నను షాఫ్టు వంగినచో ప్రయోజనము లేదు. భారము పడినపుడు రెండు చక్రములు ఒకదానినొకటి దూరముగా నెట్టుకొనును. బేరింగులకు దూరముగా, షాఫ్టు నడుమనున్న గేరువద్ద ఈ వంపు హెచ్చు. అపుడు పళ్ళు నిండుగా కలియక అంచులపై మాత్రమే ఆనును. ఆ అంచులే ముందు విరుగును. అందుచే అల్యూమినియము పెట్టెకు పట్టీలు వేసి బిగించుట, నడుమ మరియొక బేరింగు చేర్చుట పందెపు కార్లలో చూతుము.

పందెపు కార్లలో ఏటవాలు పళ్ళకు మారుగా తిన్నని పళ్ళు వాడుటయు కలదు. ఏటవాలు పళ్ళు షాఫ్టును ప్రక్కకు నెట్టును; తిన్నని పళ్ళకు ఆ దోషము లేదు. కాని అవి చేయు కూత భరింపరానిది. మా రేడియోలో వినిపించినచో శ్రోతలు వెంటనే స్టేషను మార్చుదురు! నిత్యము బజారుకు పోవు కారునకు అవి తగవని నా అభిప్రాయము.

అసలు పెట్టెలను ఎక్కువగా చంపునది ఇంజను కాదు, డ్రైవరు కాలు. ఇంజనును హోరెత్తించి క్లచ్చిని ఒక్కసారిగా వదలినచో, తిరుగుచున్న ఫ్లైవీలు బలమంతయు క్షణకాలములో పళ్ళపై పడును. ఆ దెబ్బ ఇంజను టార్కుకు పెక్కు రెట్లుండవచ్చును. టైరు జారినచో కొంత రక్షణ; రోడ్డును గట్టిగా పట్టు టైరున్నచో అదియు లేదు. అటుపై ఏమగును? పెట్టెను బలపరచినవారికి డిఫరెన్షియలు విరుగును.

మన దేశమున 1990వ దశకారంభములో అంబాసిడరు కారునకు ఇసుజు 1.8 లీటర్ల ఇంజను పెట్టినపుడు, కర్మాగారమువారు అయిదు గేర్ల క్రొత్త పెట్టెను కూడ పెట్టిరి. సొంతముగా మార్పులు చేయదలచినవారు 1988 నాటి మోటారు వాహనముల చట్టము 52వ సెక్షనును ముందుగా చదువుట మంచిది.

ఇక నూనె. పళ్ళ రాపిడిలో శక్తి నూటికి ఒక పాలు పోయినను, 200 కిలోవాట్ల ఇంజను వద్ద అది 2 కిలోవాట్ల వేడి, అనగా నీళ్ళు కాచు హీటరంత. కావున బలపరచిన పెట్టెకు నూనె చల్లబరచు రేడియేటరు అవసరము కావచ్చును. నూనె మార్చునపుడు మరకు అయస్కాంతమున్నచో దానిని చూడుడు. బూడిదవంటి మెత్తని పొడి అంటియుండుట సహజము. పెళ్ళలు అగుపడినచో, కారును ఇంటివరకైనను నడపక అక్కడనే పెట్టెను విప్పింపవలెను.