కోపం రాకముందే పది నిమిషాలు
(ఆలయ హాలులో జరిగిన తల్లిదండ్రుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



హారతి అయ్యాక ప్రసాదం తీసుకుని ఇళ్లకు బయలుదేరే సమయంలో మా కోసం ఆగినందుకు ధన్యవాదాలు. తల్లిదండ్రుల బృందం తరఫున ఈ రోజు మేము సాయంత్రం ఆరు గంటల గురించి మాట్లాడదలిచాం. శీతకాలంలో ఈ దేశంలో నాలుగింటికే చీకటి పడుతుంది. ఆఫీసు పని పూర్తయీ కాకముందే కుక్కర్ పెట్టాలి. ఒకరు హోమ్‌వర్క్ చేయనంటారు, ఇంకొకరు ఐప్యాడ్ వదలరు. మన ఊళ్లో అయితే ఆ వేళకు అమ్మమ్మో, పక్కింటి పిన్నిగారో చంటిబిడ్డను ఎత్తుకునేవారు. ఇక్కడ ఉండేది ఇద్దరం, ఒక్కోసారి ఒక్కరమే. ఆ గంటలో మనం అరిచిన మాట మనం మరిచిపోతాం గానీ పిల్లలు మరిచిపోరు.

"కోప్పడకండి" అని చెప్పడం తేలికే. కానీ పాలగ్లాసు ఒలకకముందే మన దవడ, భుజాలు బిగిసి ఉంటాయి. కోపం వచ్చాక ఆపడం కష్టం. రాకముందే శరీరానికి వదులవడం నేర్పితే, ఆ సమయంలో అది మాట వింటుంది. రిలాక్సేషన్, స్వీయ హిప్నాసిస్ చేసే పని ఇదే.

హిప్నాసిస్ అనగానే సినిమాల్లో కళ్లముందు గొలుసు ఊపి, మనిషిని వశం చేసుకోవడం గుర్తుకొస్తుంది. అది వినోదం. మాంచెస్టర్‌లో పనిచేసిన జేమ్స్ బ్రెయిడ్ అనే స్కాట్లాండ్ సర్జన్ 1843లో దీనిమీద పుస్తకం రాసి, హిప్నాటిజం అనే మాటను వ్యాప్తిలోకి తెచ్చారు. గ్రీకులో హిప్నోస్ అంటే నిద్ర. ఇది నిద్ర కాదనీ, మనసు ఒకే విషయం మీద నిలవడమనీ తెలిశాక ఆ పేరు మార్చాలని ఆయనే ప్రయత్నించారు. స్పృహ పోదు, ఇష్టం లేనిది ఎవరూ చేయించలేరు. గర్భగుడి ముందు కళ్లు మూసుకున్నప్పుడు చుట్టూ ఉన్న సందడి దూరమవడం మనకు తెలిసిందే. అలాంటి ఏకాగ్రతే ఇది. ఇక కండరాలను బిగించి వదిలే పద్ధతిని అమెరికా వైద్యుడు ఎడ్మండ్ జేకబ్‌సన్ రూపొందించారు. దానిమీద ఆయన పుస్తకం 1929లో వచ్చింది.

ఇంట్లో ఇలా చేద్దాం. రోజూ పది నిమిషాలు, పిల్లలు పడుకున్నాకనో, లేవకముందో కుర్చీలో కూర్చుందాం. పిడికిళ్లు ఐదు సెకన్లు బిగించి, ఒక్కసారిగా వదిలి, ఆ వదులుతనాన్ని పది సెకన్లు గమనించాలి. తర్వాత భుజాలు, దవడ, నుదురు, పొట్ట, పాదాలు. నొప్పి ఉన్న చోట బిగించవద్దు. ఆపైన పది నుంచి ఒకటి దాకా వెనక్కి లెక్కపెడుతూ, ఒక్కో అంకెకు ఒక్కో ఊపిరి నెమ్మదిగా వదలాలి. మనసుకు హాయినిచ్చే చోటు తలచుకోవాలి. అది గోదావరి రేవు కావచ్చు, తాతగారింటి అరుగు కావచ్చు. అప్పుడు బొటనవేలు, చూపుడువేలు కలిపి, "ముందు వింటాను, తర్వాత మాట్లాడతాను" అని మనసులో మూడుసార్లు అనుకోవాలి. ఒకటి నుంచి ఐదు లెక్కపెట్టి కళ్లు తెరవాలి.

రెండు మూడు వారాలు మానకుండా చేస్తే ఆ వేళ్లు కలపడమే శరీరానికి గుర్తుగా మారుతుంది. పిల్లవాడు మొండికేసినప్పుడు వేళ్లు కలిపి ఒక్క ఊపిరి నిదానంగా వదిలితే చాలు, అరవాలా మాట్లాడాలా అని ఎంచుకునేంత వ్యవధి దొరుకుతుంది. కారు నడుపుతూ, బిడ్డకు స్నానం చేయిస్తూ ఈ సాధన చేయవద్దు. పిల్లలకు కూడా పడుకునేముందు, పులిహోరకు నిమ్మకాయ పిండినట్టు పిడికిలి బిగించి వదలమని ఆటగా నేర్పవచ్చు.

ఇంకొక మాట, ముఖ్యంగా నాన్నలకు. హిప్నాసిస్ గిన్నెలు తోమదు, రాత్రి రెండింటికి లేచి పాలు పట్టదు. అలసట పనిభారం వల్ల వచ్చినప్పుడు, "నువ్వు రిలాక్స్ అవ్వు" అనడం మందు కాదు, పని పంచుకోవడమే మందు. ఆ పది నిమిషాలు ఒకరు కూర్చుంటే పిల్లల్ని ఇంకొకరు చూడాలి. ఒంటరిగా పెంచుతున్నవారు మొహమాటపడకుండా మమ్మల్ని అడగండి.

చంటిబిడ్డ ఏడుపు భరించలేని క్షణం వస్తే, బిడ్డను ఉయ్యాల మంచంలో వెల్లకిలా పడుకోబెట్టి, కొన్ని నిమిషాలు పక్క గదిలోకి వెళ్లి ఊపిరి తీసుకోండి. బిడ్డను ఎన్నడూ కుదపవద్దు. ప్రసవం తర్వాత దిగులు వారాల తరబడి తగ్గకపోయినా, బిడ్డ నిద్రపోతున్నా మీకు నిద్ర పట్టకపోయినా, భయపెట్టే ఆలోచనలు వస్తున్నా జీపీకో, హెల్త్ విజిటర్‌కో చెప్పండి. అత్యవసరమైతే ఇంగ్లండ్‌లో 111కు ఫోన్ చేసి 2 నొక్కండి. "నలుగురూ ఏమనుకుంటారో" అని ఆగవద్దు.

హిప్నోథెరపిస్టు దగ్గరకు వెళ్లదలిస్తే ముందు వారి అర్హత అడగండి. ఈ దేశంలో ఆ పేరు పెట్టుకోవడానికి చట్టప్రకారం ప్రత్యేక శిక్షణ అక్కరలేదు. వైద్యులో, సైకాలజిస్టో అయితే మేలు. సైకోసిస్ వంటి తీవ్ర మానసిక సమస్య ఉన్నవారు డాక్టరును అడగకుండా హిప్నాసిస్ జోలికి వెళ్లవద్దు.

ఈ రాత్రి నుంచే మొదలుపెడదాం. వచ్చే సమావేశంలో ఎవరింట్లో ఎలా సాగిందో మాట్లాడుకుందాం.