రెంచి ఎంపికలో కార్మికుని మాట



తపాలా వ్యాను చక్రం దారిలో మార్చవలసి వచ్చినప్పుడు, రోడ్డుపై గడిచే ప్రతి నిమిషమూ డ్రైవరుకు ప్రమాదమే. అందుచేత మెయిల్ మోటార్ సర్వీసు సిబ్బందికి బ్యాటరీ ఇంపాక్ట్ రెంచి విలాసవస్తువు కాదు, రక్షణ సాధనం. అయితే దాని ఎంపికలో మెలకువ అవసరం.

ప్రకటనలలో పెద్ద అక్షరాలతో కనిపించే అంకె తరచుగా నట్టును విప్పే బలానిది. బిగించే బలం అంతకు తక్కువ. చిన్న వాహనపు చక్రం నట్టు బిగింపు సుమారు 100 నుండి 120 న్యూటన్ మీటర్లు. భారీ లారీలలో అది 500 దాటుతుంది. కనుక మొదటిదానికి అరంగుళం రెంచి చాలును, రెండవదానికి ముప్పాతిక అంగుళం రెంచి కావలెను.

18 వోల్టుల, 5 ఆంపియర్ గంటల బ్యాటరీలో 90 వాట్ గంటల శక్తి వుంటుంది. పెద్ద బ్యాటరీ ఎక్కువసేపు పనిచేస్తుంది. కాని ఆ బరువు మోయవలసినది కార్మికుని మణికట్టే. ఎండలో మూసిన వ్యానులో వదిలితే బ్యాటరీ ఆయువు క్షీణిస్తుంది.

క్రోము పూత సాకెట్లు ఆ దెబ్బలకు పగిలి ఎగిరిపడవచ్చు. చివరి బిగింపు టార్కు రెంచితోనే జరగాలి. కావున ఇంపాక్ట్ సాకెట్లు, టార్కు రెంచి, కంటి, చెవి రక్షణలు లేకుండా ఇచ్చే రెంచి సగం సాధనమే. కొనుగోలుకు ముందు దానిని మెకానిక్కుల చేతికిచ్చి పరీక్షింపజేయాలని ప్రతి శాఖా కోరవలసి వున్నది.