అటక మీది వీణ



మా చిన్నతనంలో రేడియోలో ఏదైనా కార్యక్రమం నాలుగు నిమిషాలు ముందే అయిపోతే, వార్తల దాకా ఆ ఖాళీని వాద్య సంగీతంతో నింపేవారు. వీణో, వేణువో, వయొలినో వినబడేది. "పాట రావడం లేదుగా, కాస్త తగ్గించు" అనేవారు ఇంట్లో పెద్దవాళ్లు. వాద్యమంటే వార్తలకు ముందు వచ్చేదని అనుకుంటూనే నేనూ పెద్దదాన్నయ్యాను. ఆ అభిప్రాయం నలభై దాటాక గాని పోలేదు. పోగొట్టింది ఎవరో కాదు, బ్రెజిల్ దేశం వాళ్లు! కంభంలో కూర్చున్న దానికి బ్రెజిల్ సంగీతం ఎక్కడ దొరికిందంటారా? అదే చెబుతాను.

బెంగుళూరులో చదువుకుంటున్న మా అమ్మాయి సంక్రాంతి సెలవులకు వచ్చి, నా ఫోనులో పాడ్‌కాస్టులు పెట్టి వెళ్లింది. పాడ్‌కాస్టు అంటే మరేం లేదు, రేడియో ప్రసంగం లాంటిదే. కాకపోతే ఇది మన వీలు కోసం కాచుకుని ఉంటుంది. కుక్కరు కూత పెడితే ఆపుకోవచ్చు, అర్థం కాకపోతే వెనక్కి తిప్పుకోవచ్చు. ఒకరోజు వంటల గురించి వింటుంటే, అది అయిపోయి దానంతటదే ఇంకొకటి మొదలైంది. బ్రెజిల్ వాద్య సంగీతం గురించి ఎవరో ఇంగ్లీషులో చెబుతున్నారు. నా చదువు పదో తరగతి. ఆ ఇంగ్లీషు సగమే తలకెక్కింది. మధ్యమధ్య వాయించిన వాద్యానికి మాత్రం తర్జుమా అక్కర్లేకపోయింది. ఒలుస్తున్న చిక్కుళ్లు చేతిలో అలాగే ఉండిపోయాయి. ఆ తర్వాత రెండు నెలలు వంటింట్లో అదే వినికిడి.

ఆ సంగీతాన్ని షోరో అంటారు. వాళ్ల పోర్చుగీసు భాషలో ఆ మాటకు ఏడుపు అని అర్థం. పేరుకే ఏడుపు, చాలా బాణీలు వింటే మాత్రం బడి వదలగానే పిల్లలు పరుగెత్తినట్టుంటుంది. 1870 ప్రాంతాల్లో రియో డి జనీరో నగరంలో రూపు కట్టింది. యూరపు నుంచి వచ్చిన పోల్కా నాట్యపు బాణీలూ, ఆఫ్రికా నుంచి బానిసలుగా తెచ్చినవారి లయలూ ఇందులో కలిశాయి. వేణువు, గిటారు, కవాకిన్యో అనే నాలుగు తీగల బుల్లి గిటారు మొదటి వాద్యాలు. తర్వాత మన కంజీర లాంటి పండేరో, ఏడు తీగల గిటారు వచ్చి చేరాయి. తొలినాళ్లలో వాయించినవాళ్లలో చాలామంది తపాలా, కస్టమ్స్ ఆఫీసుల్లో చిన్న ఉద్యోగులు. సాయంత్రం ఎవరింట్లోనో బల్ల చుట్టూ చేరి వాయించుకునేవారు. 2024లో ఆ దేశం షోరోను తమ సాంస్కృతిక వారసత్వంగా గుర్తించింది.

ఇంకో చిత్రం వినండి. షోరోలో మాండొలిన్‌ది పెద్ద పీట. జాకబ్ దో బాండోలిం అనే ఆయనకు ఆ వాద్యం పేరే ఇంటిపేరైంది. ఆయన 1969లో కన్నుమూశాడు. అదే ఏడాది మన పాలకొల్లులో మాండొలిన్ శ్రీనివాస్ పుట్టాడు. ఇటలీలో పుట్టిన వాద్యం అక్కడ షోరో పలికింది, ఇక్కడ త్యాగరాజ కీర్తన పలికింది. వాద్యానికి ఊరూ భాషా లేవనడానికి ఇంతకన్న ఏం కావాలి?

అయితే నన్ను కదిలించింది ఒక ఆడమనిషి కథ. ఆమె పేరు షికిన్యా గొంజాగా. 1847లో రియోలో పుట్టింది. తండ్రి సైనికాధికారి. తల్లి బానిస స్త్రీకి పుట్టిన బిడ్డ. పదహారో ఏట పెద్దవాళ్లు కుదిర్చిన పెళ్లి అయింది. పుట్టింటి నుంచి పియానో కూడా వెంట వచ్చింది. ఆ పియానో భర్తకు గిట్టలేదు. "సంగీతమో, నేనో తేల్చుకో" అన్నాడట. ఆమె సంగీతమే అంది. పుట్టింటివాళ్లు ఆమె చచ్చిపోయిందనుకున్నారు. పెద్ద కొడుకు తప్ప మిగతా పిల్లలు దూరమయ్యారు. పియానో పాఠాలు చెప్పుకుంటూ, షోరో మేళంలో మగవాళ్ల మధ్య కూర్చుని వాయించి బతికింది. 1877లో ఆమె కట్టిన పోల్కా ఇప్పటికీ వాయిస్తున్నారు. 1885లో సంగీత నాటకానికి వాద్యబృందాన్ని నడిపితే, ఆడమనిషిని ఆ పదవిలో ఏమని పిలవాలో పత్రికలకే తోచలేదట! తన స్వరాల ప్రతులు అమ్మి ఒక బానిస వాద్యకారుణ్ణి విడిపించింది. బ్రెజిల్లో బానిసత్వం పోయింది 1888లో. అంటే ఇది చట్టం కన్న ముందు మాట. 1935లో, 87 ఏళ్లకు పోయింది. ఆమె పుట్టిన అక్టోబరు 17ను 2012లో తమ జనరంజక సంగీత దినంగా ప్రకటించుకున్నారు.

ఈ కథ విన్న పూట నేను తలెత్తి అటక వైపు చూశాను. అక్కడ నా వీణ ఉంది.

పెళ్లికి ముందు ఆరేళ్లు నేర్చుకున్నాను. పెళ్లిచూపుల్లో వాయించమన్నారు, వాయించాను. సంబంధం కుదిరింది. ఆ తర్వాత వాయించమని ఎవరూ అడగలేదు. నేనూ అడిగించుకోలేదు. షికిన్యాకు వద్దన్న మనిషి ఎదురుగా ఉన్నాడు, ఎదిరించింది. నన్ను ఎవరూ వద్దనలేదు. పిల్లలు, వంట, చుట్టాలు, పండగలు. వీణ ముందు మంచం కిందికి, అక్కణ్ణించి అటక మీదికి వెళ్లింది. దించి చూస్తే ఏముంది? మా కంభం ఎండలకు మైనం మెత్తబడి 24 మెట్లలో సగం పక్కకు జరిగాయి. ఏడు తీగల్లో మూడు తెగాయి. ఇంట్లో ఎవరి మీదా కోపం రాలేదు. నా మీదే వచ్చింది.

మావారితో చెప్పాను. ఆయన ఒక్క మాట అన్నారు: "ఇన్నేళ్లూ నువ్వు అడగలేదుగా." నిజమే. కాని ఆయనా అడగలేదు! ఆ మాటా అనేశాను. మారు మాట్లాడకుండా వీణను తానే ఎత్తుకుని రైల్లో గుంటూరు తీసుకొచ్చారు. మళ్లీ మేళం కట్టించాం. వేళ్లు మొద్దుబారాయి కనుక సరళీ స్వరాల నుంచి ఎత్తుకున్నాను. రోజూ సాయంత్రం అరగంట. మొదటి వారం అపస్వరాలే. ఇప్పటికీ గొప్పగా ఏమీ రాదు. అయినా మొన్నొకరోజు మధ్యలో ఆపితే, వసారాలోంచి అత్తయ్య "ఆపావేమ్మా?" అన్నారు. నాకు అది చాలు.

సోదరీమణులారా! షికిన్యా లాగా ఇల్లు వదలమని నేను చెప్పడం లేదు. ఆమె పిల్లల్ని పోగొట్టుకుంది. అంత ఖరీదు ఏ ఆడదీ కట్టే పని ఉండకూడదు. మన చెరువు ఎంత నిండినా తూము తెరవందే పొలానికి నీళ్లు పారవు. నేర్చిన విద్యా అంతే. కూతురి పెళ్లి సామానుతో వీణో, వయొలినో పంపించే తల్లులు, రోజుకో అరగంట కూడా ఆ పిల్లకు కావాలని వియ్యాలవారితో ముందే చెప్పండి. కోడలు తెచ్చుకుంటే, ఆమె వాయించేటప్పుడు కాసేపు పక్కన కూర్చోండి. రేడియోలో వాద్యం వస్తే, పాట రావడం లేదని తగ్గించకండి.

సెలవు.