పరేసేర్: కనిపించడం, అనిపించడం

ఈ ఉపన్యాసం ఎవరి స్మృతిలో ఏర్పాటైందో ఆ మాస్టారు జీవితమంతా తెలుగు వ్యాకరణం చెప్పారు. ఆయన పేరిట జరిగే సభలో స్పానిష్ క్రియ సంగతి ఎందుకని కొందరికి అనిపించవచ్చు. ఆ అనిపించడం గురించే నేను మాట్లాడబోతున్నాను.

స్పానిష్‌లో పరేసేర్ అనే క్రియ ఉంది. రోజూ జనం నోట్లో నానే మాట. ఒక వస్తువు కంటికి ఎలా ఉందో చెప్పడానికీ, మనసుకు ఎలా తోచిందో చెప్పడానికీ అదొక్కటే చాలు. మనకు రెండు క్రియలున్నాయి: ‘కను’ నుంచి పుట్టిన కనిపించు, ‘అను’ నుంచి పుట్టిన అనిపించు. వాళ్ల క్రియకు మూలం లాటిన్‌లో కనబడటం అనే అర్థమున్న ‘పారేరే’. అంటే చూపుకు పుట్టిన క్రియే అభిప్రాయాన్ని కూడా మోస్తోంది.

రూపాల సంగతి త్వరగా ముగిస్తాను. లాటిన్ అమెరికా ఉచ్చారణలో వర్తమాన రూపాలు ఇవి: పరేస్కో, పరేసెస్, పరేసె, పరేసేమోస్, పరేసేయిస్, పరేసెన్. స్పెయిన్‌లో చాలాచోట్ల ఆ సకారాన్ని నాలుక కొన పళ్ల మధ్య పెట్టి పలుకుతారు. ఉత్తమ పురుష ఏకవచనంలో మాత్రం హఠాత్తుగా ఒక ‘క’ వచ్చి కూర్చుంది. విద్యార్థులు దీన్ని అపవాదంగా బట్టీ పడతారు. నిజానికి ఆ ‘క’ కొత్తగా వచ్చింది కాదు, పాతదే మిగిలింది. లాటిన్ ‘-స్కో’ ప్రత్యయంలోని కకారం ఓ, ఆ ముందు నిలిచింది. ఏ, ఈ ముందు మెత్తబడింది. కన్నడం కివి అంటుంటే మనం చెవి అంటున్నాం, అక్కడ కెరె, ఇక్కడ చెరువు. ఎ, ఇ ముందు కకారం కరిగిపోవడం మన ఇంట్లోనూ జరిగిన కథే. ఈ సూత్రం పట్టుబడితే కోనోసేర్, నసేర్, క్రెసేర్, ఒఫ్రెసేర్ వంటి క్రియలన్నీ ఒక్కసారిగా చేతికొస్తాయి. ఊపడం అనే అర్థమున్న మేసేర్ లాంటివి కొన్ని ఈ దారిన రావు, దానికి మేసో అనే అంటారు.

భూతకాలంలో రెండు రూపాలున్నాయి. ‘మె పరేసియో బియెన్’ అంటే ఫలానా సందర్భంలో నాకు సరే అనిపించింది, అక్కడితో అయిపోయింది. ‘మె పరేసీయా బియెన్’ అంటే అప్పట్లో అలా అనిపిస్తూ ఉండేది, ఇప్పటి సంగతి వేరు కావచ్చు.

ఈ క్రియ బలం చూడాలంటే స్పానిష్ రచయిత సెర్వాంటెస్ దగ్గరకు వెళ్లాలి. 1605లో వచ్చిన దోన్ కిహోతె నవల మొదటి భాగం, ఎనిమిదో అధ్యాయంలో గాలిమరల ఘట్టం అందరికీ తెలిసిందే. గాలిమరలను రాక్షసులనుకున్న దోన్ కిహోతెకు, అవి రాక్షసులు కావని సేవకుడు సాంచో చెప్పే ఒక్క వాక్యంలోనే ఈ క్రియ రెండుసార్లు వస్తుంది. మొదటిసారి ‘అక్కడ అగుపిస్తున్నవి’ అనే పాత అర్థంలో, రెండోసారి ‘చేతుల్లా కనిపిస్తున్నవి’ అనే అర్థంలో. మొదటిసారి వాడిన రూపాన్ని ఈనాటి స్పానిష్‌లో వింటే, ఒకదానినొకటి పోలి ఉన్నాయని అర్థమవుతుంది. నాలుగు వందల ఏళ్లలో ఆ అర్థం అలా పక్కకు జరిగింది.

అంతకన్నా గొప్పది మంగలి పళ్లెం వ్యవహారం. క్షవరానికి వాడే ఇత్తడి పళ్లేన్ని దోన్ కిహోతె మాంబ్రీనో అనే రాజు శిరస్త్రాణమని నమ్ముతాడు. ఇరవై అయిదో అధ్యాయంలో సాంచో దాన్ని వెక్కిరిస్తే, ఆయన ఇచ్చే జవాబు మొత్తం ఈ క్రియ మీదే నడుస్తుంది. నీకు పళ్లెంగా తోచేది నాకు శిరస్త్రాణంగా తోస్తుంది, ఇంకొకరికి మరొకటిగా తోస్తుందని ఆయన వాదన. నీకు, నాకు, ఇంకొకరికి అంటూ మూడుసార్లూ ఆ క్రియే. చివరిసారి భవిష్యత్ రూపంలో. ఇక్కడ కంటిని గురించి మాట్లాడుతున్నాడా, అభిప్రాయాన్ని గురించా? విడదీయలేం. మనం ‘కనిపిస్తోంది’ అని అనువదిస్తే సగం పోతుంది, ‘అనిపిస్తోంది’ అంటే మిగతా సగం. తోచు అనే పాత మాటే ఇక్కడ కాస్త ఆదుకుంటుంది. తర్వాత సత్రంలో దీని మీదే తగాదా రేగినప్పుడు సాంచో పళ్లెం, శిరస్త్రాణం అనే మాటల స్పానిష్ పేర్లు రెండూ కలిపి ‘బాసియెల్మో’ అని ఒక కొత్త మాట పుట్టించి రాజీ కుదర్చబోతాడు. సర్పంచిగా నిలబెట్టదగిన మనిషి.

ఇక వాడుక. మనవాళ్లలో చాలామంది స్పానిష్‌ను ఇంగ్లీషు మీదుగా నేర్చుకుంటారు. హైదరాబాదులోని ఇఫ్లూ విశ్వవిద్యాలయం వంటి చోట చదివేవాళ్లయినా, టెక్సస్‌లో బడికి వెళ్లే మన పిల్లలైనా అంతే. దాంతో అభిప్రాయం చెప్పాలంటే ‘నేను’తో వాక్యం మొదలుపెట్టాలన్న అలవాటు పట్టుకుంటుంది. ‘యో పరేస్కో’ అంటే ‘నేను ఫలానాలా కనిపిస్తాను’ అని అర్థం. అభిప్రాయం చెప్పబోయి తన రూపాన్ని వర్ణించుకున్నట్టవుతుంది. అనాల్సింది ‘మె పరేసె’: నాకు అనిపిస్తోంది. తెలుగువాడికి ఇందులో నేర్చుకోవడానికి ఏముంది? ‘నాకు’తో మొదలుపెట్టడం మనకు ఉగ్గుపాలతో వచ్చిన విద్య. పెద్దలకైతే ‘కే లె పరేసె’, స్నేహితులకైతే ‘కే తె పరేసె’ అన్న తేడా కూడా మనకు మీకు, నీకు అన్నంత సహజం.

పోలిక ఇంకా లోతుకు పోతుంది. ‘ఆ చెప్పులు నాకు ఖరీదుగా అనిపించాయి’ అంటాం. అదే ‘ఆ చెప్పులు ఖరీదని నాకు అనిపించింది’ అన్నప్పుడు క్రియ ఏకవచనమైపోతుంది. స్పానిష్‌లోనూ సరిగ్గా ఇంతే: చెప్పులే కర్త అయితే పరేసెన్, మొత్తం వాక్యమే కర్త అయితే పరేసె. ఇంగ్లీషులో ‘నేను అనుకుంటున్నాను’ అన్న చట్రంలో ఈ తేడా కనపడదు.

అసలు చిక్కు సంశయార్థక (సబ్‌జంక్టివ్) రూపంతో. వాన పడబోతోందనిపిస్తే ‘పరేసె కె వా అ యోవేర్’. పడేలా లేకపోతే ‘నో పరేసె కె వాయా అ యోవేర్’. కాదనగానే లోపలి క్రియ రూపం మారింది. మంచీ చెడూ నిర్ణయించేటప్పుడు కూడా అంతే: ‘నువ్వు వస్తావని నాకు అనిపిస్తోంది’లో మామూలు రూపం, అంటే నిశ్చయార్థకం; ‘నువ్వు రావడం నాకు బాగుందనిపిస్తోంది’లో సంశయార్థకం. గమనించారా? తెలుగులో ‘అని’ ఉన్నచోట వాళ్లది నిశ్చయార్థకం, ‘-డం’ ఉన్నచోట సంశయార్థకం. కాదనే వాక్యాల్లో ఈ కొలబద్ద పనిచెయ్యదు, అక్కడ విడిగా గుర్తుంచుకోవాలి. మిగతాచోట్ల బాగానే దారి చూపిస్తుంది.

ముందు ‘సె’ చేరిస్తే పోలిక. ‘సె పరేసె అ సు పాద్రె’, వాడిది తండ్రి పోలిక. ఆ మధ్యలోని ‘అ’ని మింగేయకూడదు. ఇద్దరూ రెండు నీటి చుక్కల్లా ఉన్నారని వాళ్లంటారు, అచ్చుగుద్దినట్టున్నారని మనం. పత్రికల్లో ‘అల్ పరేసేర్’ అని రాస్తే, మన విలేకరులు వార్త చివర రాసే ‘తెలుస్తోంది’ అన్నమాట. బాధ్యత తన మీద వేసుకోకుండా తప్పుకునే పద్ధతి రెండు చోట్లా ఒకటే.

సభలోని అధ్యాపకులకు నా విన్నపం ఒకటి. స్పానిష్ చెప్పేటప్పుడు ఈ క్రియను ఇంగ్లీషు అర్థాల జాబితాతో మొదలుపెట్టకండి. నల్లబల్ల మీద ముందు ‘నాకు’ అని రాయండి, దాని పక్కన ‘మె’ రాయండి, తర్వాత అనిపించు, కనిపించు, పోలు అనే మూడు క్రియల కింద వాక్యాలు కట్టించండి. తెలుగులోనే వివరించే స్పానిష్ వ్యాకరణ పాఠాలు రాయడానికి మీలో ఎవరైనా ముందుకొస్తే, ఈ క్రియ అధ్యాయంతోనే మొదలుపెట్టండి.